తక్‌పట్టీ లేని సర్వర్లు

పోయిన చలికాలం డాలస్‌లో మీటింగులో ఉండగా హనుమకొండ నుంచి తమ్ముడి ఫోన్. నాకు పగలు, వాడికి అర్ధరాత్రి. "అన్నా, సర్వర్ సచ్చింది. ఏమైందో తెల్వదు." ఎనుమాముల మార్కెట్ దగ్గర వాడికి మిర్చి కోల్డ్ స్టోరేజీ ఉంది. బస్తాల లెక్కలకు, గదుల చల్లదనం చూసే సెన్సర్లకు, కెమెరాలకు మూడు పాత మెషీన్ల మీద ఉబుంటు అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసిచ్చింది నేనే.

డిస్కు పోయింది. ఎందుకు పోయిందో చెప్పాల్సిన లాగులూ (ఎప్పుడేం జరిగిందో మెషీన్ లైను లైనుగా రాసుకునే చిట్టాలు) ఆ డిస్కులోనే ఉన్నాయి. తప్పు నాదే.

మిర్చి అమ్మిన రైతుకు తక్‌పట్టీ, అంటే అమ్మకం లెక్క రాసిన చీటీ, ఇస్తారు. ఆ చీటీ అడ్తీదారు దగ్గరే ఉండిపోతే రైతుకేం లాభం? లాగూ అంతే. సర్వర్ లోపలికి దొంగతనంగా దూరినవాడు ముందు తుడిచేసేది దాన్నే.

ఊరి బడికో లైబ్రరీకో సర్వర్ పంపే మన సంఘం మిత్రులు లాగులకని ఇంకో చిన్న మెషీన్ కూడా కొనాలంటాను. ఈ మాట అనగానే ఒకాయన ఎలాస్టిక్‌సెర్చ్ (లాగులను పోగేసి వెతికిపెట్టే పెద్ద సాఫ్ట్‌వేర్) పెడదామన్నాడు. మూడు మెషీన్లకు అంత సరంజామా దేనికి? ఉన్న ర్యామ్ దానికే చాలదు. ఉబుంటు సర్వర్‌లో లాగులను ఇంకో మెషీన్‌కు పంపగల ఆర్‌సిస్‌లాగ్ ముందే ఉంటుంది. చేరిందో లేదో చూసుకోని యూడీపీ పద్ధతిలో, 514 పోర్టులో పంపితే దారిలో పోయిన లైను పోయినట్టే. చేరిందో లేదో చూసుకునే టీసీపీ మీద, దారిలో ఎవరూ చదవకుండా టీఎల్‌ఎస్ తాళం వేసి, 6514 పోర్టులో పంపాలి. నెట్ పోతే (ఎండాకాలం గాలిదుమారానికి అది మామూలే) లైన్లు డిస్కులో క్యూ కట్టి ఆగేలా మనమే సెట్ చేయాలి.

లాగులన్నీ ఒకచోట చేరాక నన్ను తిప్పలు పెట్టింది గడియారాలు. సెన్సర్ ఆగింది 2:10కి, కరెంటు పోయింది 7:40కి. రెండూ వేర్వేరు సంగతులనుకుని ఒక రాత్రంతా బుర్ర బద్దలుకొట్టుకున్నాను. తీరా చూస్తే ఒక మెషీన్ యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక టైము) ఉంది, ఇంకోటి ఇండియా టైములో. అయిదున్నర గంటల తేడా తీసేస్తే రెండూ ఒకే నిమిషం! ఇప్పుడు అన్నీ యూటీసీయే, గడియారాలను నెట్ ద్వారా సరిదిద్దే క్రోనీ ప్రోగ్రాంతో సరిచూసుకుంటాయి.

లాగు మెషీన్ను డాలస్‌లో నా దగ్గరే పెట్టుకుందామనుకున్నాను. కానీ 2022 ఏప్రిల్‌లో భారత ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంపెనీలు లాగులను 180 రోజులు, భారత్ పరిధిలో దాచాలి. ఉబుంటులో పాత లాగులను తీసేసే లాగ్‌రొటేట్ మామూలుగా నాలుగు వారాలవే ఉంచుతుంది, అదీ మార్చాను.

మెషీన్ ఇప్పుడు హనుమకొండ ఇంట్లో, టీవీ కింద. దుమ్ము పడుతుందని అమ్మ దానిమీద తువ్వాలు కప్పుతుంది, వద్దంటే వినదు. ఎప్పుడు కప్పిందో ఇక్కడినుంచే తెలుస్తుంది: ప్రాసెసర్ వేడెక్కిందన్న లైన్లు వరసగా మొదలవుతాయి.