పచ్చళ్ళ ఫ్యాక్టరీకి పరువు నష్టం

చిన్నతనం మీద నవల అంటే మనకంటూ ఒక పద్ధతి ఉంది. అమ్మమ్మగారి ఊరు, వేసవి సెలవులు, పక్కనే ఏరు, అటక మీద పచ్చడి జాడీలు, చివర్లో "ఆ రోజులే వేరు" అని ఒక నిట్టూర్పు. అరుంధతీ రాయ్ రాసిన "ద గాడ్ ఆఫ్ స్మాల్ థింగ్స్" ఈ సరంజామా అంతా ఉందని చూసుకున్నాకే మొదలుపెట్టాను. కేరళలో అయెమెనెం అనే ఊరు, మీనచిల్ నది, అమ్మమ్మకు ఏకంగా పచ్చళ్ళ ఫ్యాక్టరీ, ఏడేళ్ళ కవలలు ఎస్తా, రాహేల్, ఇంగ్లండు నుంచి దిగే మామయ్య కూతురు. ఇంకేం కావాలండీ? ఇంత సామాను చేతిలో పెట్టుకుని ఆవిడ చేసిందేమిటంటే, ఇంటి గుట్టు బయటపెట్టడం. దానికి 1997లో బుకర్ ప్రైజు కూడా ఇచ్చారు.

ముందు తాతగారు పప్పాచ్చి సంగతి. పూసా వ్యవసాయ పరిశోధన సంస్థలో ఇంపీరియల్ ఎంటమాలజిస్టుగా, అంటే బ్రిటిష్ సర్కారు వారి పురుగుల శాస్త్రవేత్తగా చేసిన పెద్దమనిషి, ఇంటికొచ్చాక రోజూ రాత్రి ఇత్తడి పూలకూజాతో భార్యను కొట్టేవాడు. సరే, ఆ కాలంలో అలాంటివి మామూలే. ఒకరోజు కొడుకు చాకో చెయ్యి పట్టుకుని ఆపాడు. అప్పట్నుంచి ఆయన భార్యను కొట్టలేదు, పోయేదాకా ఆమెతో మాట్లాడనూ లేదు. ఆమె పచ్చళ్ళ పనిలో తలమునకలై ఉంటే, ఆయన వరండాలో అందరికీ కనపడేలా కూర్చుని, చొక్కాలకు ఊడిపోని గుండీలు కుట్టుకునేవాడు. పెళ్ళాం పట్టించుకోవట్లేదని ఊరికి తెలియాలి కదా. ఇంత నటన తెలిసిన మనిషిని సినిమాల్లోకి పంపకుండా నవలలో పెట్టి అల్లరి చేశారు.

కూతురు అమ్ము మొగుణ్ణి వదిలేసి వచ్చింది. వాడు తన ఉద్యోగం పోకుండా ఉండడానికి ఈమెను తెల్ల మేనేజరు దగ్గరికి పంపబోయాడట. తండ్రి నమ్మలేదు. అల్లుడు అంత పని చెయ్యడని కాదు, ఇంగ్లీషువాడు ఇంకొకడి పెళ్ళాన్ని ఆశించడని! దేశానికి అప్పటికే స్వాతంత్ర్యం వచ్చిందండోయ్.

ఇక ఆస్తి. చాకో ఆక్స్‌ఫర్డులో చదివాడు, అమ్ముకు కాలేజీ దండగ ఖర్చు. ఫ్యాక్టరీలో అమ్ము అతనితో సమానంగా పనిచేస్తుంది, ఫ్యాక్టరీ మాత్రం అతనిది. రచయిత్రికి దీని మీద కోపం ఎందుకో నాకు అర్థం కాలేదు, అప్పటి చట్టమే అలా ఉంటే. 1916 నాటి తిరువాన్కూరు సంస్థానం చట్టం ప్రకారం సిరియన్ క్రిస్టియన్ (కేరళలో పాత క్రైస్తవ వర్గం, ఈ కుటుంబం వాళ్ళే) కూతురికి కొడుకు వాటాలో నాలుగోవంతు లేదా 5,000 రూపాయలు, ఏది తక్కువైతే అది. రచయిత్రి తల్లి మేరీ రాయ్ సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1986లో అది చెల్లదనిపించింది. మనం అంత దూరం పోలేదు. ఎన్టీఆర్ తెచ్చిన సవరణతో 1985 నుంచే మన హిందూ ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా. చట్టాన్ని గౌరవిస్తాం కాబట్టే అక్కచెల్లెళ్ళను స్వయంగా కారులో రిజిస్ట్రారు ఆఫీసుకి తీసుకెళ్ళి, వాటా వద్దని సంతకాలు పెట్టించి, దారిలో మంచి హోటల్లో భోజనం పెట్టి, పసుపు కుంకుమ కింద ఒక చీరతో దింపేసి వస్తాం. సంతకం పెట్టనంటే పుట్టింటికి రావద్దని ఎవరూ పైకి అనరు. ఫోన్ ఎత్తడం మానేస్తారు, అంతే.

పక్షపాతం అనే మాట మాత్రం నేను ఒప్పుకోను. చాకో గదిలోకి వచ్చే ఆడవాళ్ళు నట్టింట్లోంచి నడవకుండా తల్లి అతని గదికి విడిగా ఒక తలుపు పెట్టించింది. మగవాడి అవసరాలు మరి. అమ్ము అంటరానివాళ్ళుగా చూసే పరవన్ కులంవాడైన వెలుత్తతో ఉంటోందని తెలియగానే, అదే తల్లి, మేనత్త బేబీ కొచ్చమ్మ కలిసి ఆమెను గదిలో పెట్టి తాళం వేశారు. ఖర్చు లెక్క చూడండి, కొత్త తలుపుకే ఎక్కువవుతుంది.

వెలుత్తకు మాత్రం ఏం తక్కువ చేశారు? మంచి పనివాడని ఫ్యాక్టరీలో పెట్టుకున్నారు. పై కులం వడ్రంగికంటే తక్కువ జీతమిచ్చి, మిగతా పనివాళ్ళ మనసు నొచ్చుకోకుండా చూసుకున్నారు. పార్టీ కార్డుంది కదా అని అతను ఊళ్ళో కమ్యూనిస్టు నాయకుడు కామ్రేడ్ పిళ్ళై ఇంటికి వెళితే, సొంత విషయాల్లో పార్టీ తలదూర్చదన్నాడు. ఫ్యాక్టరీకి పచ్చళ్ళ లేబుళ్ళు అచ్చువేసేది ఆయన ప్రెస్సులోనే లెండి. బేబీ కొచ్చమ్మ దొంగ కంప్లయింటు ఇచ్చింది. పోలీసులు అతన్ని చావబాదారు, లాకప్పులో పోయాడు. ఆ కొట్టడాన్ని ఏడేళ్ళ పిల్లలిద్దరూ కళ్ళారా చూశారు. పరువు కోసం పెద్దవాళ్ళు ఇంత కష్టపడుతుంటే, ఆ పిల్లల్ని పక్కింటికి పంపించాలన్న ఇంగితం రచయిత్రికి ఉండొద్దూ?

నయం, చదివేవాళ్ళలో బాధ్యత తెలిసినవాళ్ళున్నారు. కేరళలో ఒక లాయరుగారు ఈ నవల అశ్లీలమని కేసు వేశారు, అది ఏళ్ళ తరబడి నడిచింది. ఆయన మనసు గాయపడింది చివరి చాప్టర్లో, అమ్ము, వెలుత్త నది ఒడ్డున కలుసుకునే దగ్గర. కొట్టి చంపిన పేజీల మీద కేసు లేదు. వాటిలో ఎవరూ ఎవర్నీ ప్రేమగా ముట్టుకోలేదు మరి.

మనం కూడా వెనకబడి లేం. 2018లో మిర్యాలగూడలో దళిత యువకుణ్ణి మామగారు సుపారీ ఇచ్చి చంపిస్తే, "కన్నతండ్రి మనసు అర్థం చేసుకోండి" అని సోషల్ మీడియాలో ఎంతమంది కామెంట్లు రాశారో. వాళ్ళలో చాలామంది ఇళ్ళల్లో ఎస్తా, రాహేల్ వయసు పిల్లలు ఉండే ఉంటారు. అన్నం తినకపోతే ఆ ఫోనే వాళ్ళ చేతికిస్తాం కదా, చదవడం వచ్చినవాళ్ళు చదువుకునే ఉంటారు.