పెరడుకు పట్టా ఎవరి పేరు మీద?

రాష్ట్రంల భూమి పంచాయితీలన్నీ తెగిపోయినయ్ అనుకునేటోళ్లు ఒక్కసారి హనుమకొండ దిక్కు వచ్చి ఎవలింటెనుకనైనా కుర్చీ ఏసుకోని పావుగంట కూసుంటే తెలుస్తది. భూముల రికార్డులకు 2020 అక్టోబర్ 29 నాడు ధరణి పోర్టల్ వచ్చింది, 2025 ఏప్రిల్ 14 నాడు భూభారతి వచ్చింది, పోర్టల్ మారింది గానీ పెరట్ల వేపచెట్టు రెండో కొమ్మ ఎవరి పేరు మీదున్నదో చూసుకునే ఆప్షన్ మాత్రం ఇప్పటికీ లేదు. పాత పహాణీల, అంటే ఊరి భూముల రికార్డుల, పట్టాదారు కాలం పక్కన అనుభవదారు కాలం అని ఒకటుండె, కాగితం ఎవలది, కబ్జా ఎవలది రెండూ తెలిసేది. పెరడు వరకు నేను వట్టి పట్టాదారును. బల్దియాకు ఇంటి పన్ను కట్టుడు నా హక్కు, అనుభవదార్లు వేరే ఉన్నరు.

మొదాలు కాకి-కోయిల కేసు తీసుకుందాం, ఇది సివిలా క్రిమినలా అన్నదే ఇంతవరకు తేలలే. ఎండలు ముదురుతున్నప్పుడు కాకి పుల్లలు, ఇనుప తీగ ముక్కలు, ఎవలదో దండెం మీది హ్యాంగర్‌తో సహా మోసుకొచ్చి సొంత కష్టంతోని గూడు కడ్తది. అప్పుడు మగ కోయిల ఎదురు కొమ్మ మీదికొచ్చి గొంతు చించుకుంటది, కాకులు దాన్ని తరుముకుంట పోతయ్, గంతల్నే ఆడ కోయిల సప్పుడు చెయ్యకుంట వచ్చి గూట్ల గుడ్డు పెట్టి పోతది. రిజిస్ట్రేషన్ లేదు, సాక్షుల సంతకాల్లేవు, రిజిస్ట్రేషన్ లేకుంట తెల్లకాగితం మీద రాసుకునే సాదాబైనామా అందామంటే ఆ కాగితం కూడా లేదు. పైగా కోయిల గుడ్డు కాకి గుడ్లకంటే ముందుగాలనే పిల్లయితది గావట్టి వారసత్వంగ పేరు మార్చే మ్యుటేషన్ల కూడా దానిదే ఫస్ట్ నంబర్. ఇంత జరిగినా పబ్లిక్ సపోర్ట్ మాత్రం కోయిలకే, ఎందుకంటే పాట బాగుంటదట. పాడేది ఎర్ర కండ్ల నల్లది, మగది. గుడ్డు పెట్టేది గోధుమ రంగు మీద తెల్ల మచ్చలది, అది కనిపిస్తే ఇదేం పిట్ట అని అడిగేటోళ్లే ఎక్కువ. సచ్చినోళ్లకు పిట్టకు పెట్టిననాడు అన్నం ముద్ద పెట్టి కాకి కోసం గంటలకొద్ది మొగులు దిక్కు చూసే మనం, అదే కాకి ఇల్లు పోతుంటే ఒక్క పిటిషన్ ఏసినమా?

మామిడి చెట్టు మీద ఇంకో లొల్లి. ఎర్ర చీమలు పర్మిషన్ లేకుంట ఆకులతోని గూడు లేపుతున్నయ్. దగ్గరికి పోయి చూస్తే (మరీ దగ్గరికి పోవద్దు) ఒకదాని నడుము ఇంకోటి పట్టుకోని గొలుసులాగ నిలవడి రెండు ఆకుల అంచులు దగ్గరికి గుంజుతయ్, అప్పుడు వేరే చీమలు తమ పిల్లల్నే నోట్ల పట్టుకోనొచ్చి ఈ అంచుకు ఒకసారి, ఆ అంచుకు ఒకసారి తాకిస్తయ్, ఆ పిల్ల పురుగు నోట్లెంచి వచ్చే పట్టు దారంతోని ఆకులు అతుక్కుంటయ్, ఫెవికాల్ ట్యూబు నొక్కినట్టే. అంటే అక్రమ కట్టడం ఒకటి, అందుల బాల కార్మికులు ఒకటి. పక్కింటి పెద్దమనిషి గోడ మీంచి చూసి "మందు కొట్టరాదు బిడ్డా" అన్నడు. "నోటీసియ్యకుంట కూలగొడ్తే రేపు స్టే తెస్తయ్ కాకా" అన్న. ఆయన తలకాయ ఊపి లోపలికి పోయిండు, ఆయన కూడా కేసుల తిరిగిన మనిషే.

తొండ నయం. గోడ మీదికెక్కి, గొంతు ఎర్రగ చేసుకోని, దండీలు తీసి ఈ జాగ నాది అని బాజాప్త డిక్లేర్ చేస్తది. పద్ధతి ప్రకారం నోటీసిచ్చేది పెరడంతట్ల అదొక్కతే, పోరగాళ్లు రాళ్లు కొట్టేది కూడా దాన్నే.

ఆరుద్ర పురుగుది భూగర్భ హక్కుల సమస్య. మిరుగం దాటి నాలుగు వానలు పడంగనే ఎర్ర మఖ్మల్ గుడ్డ కప్పుకోని బయటికొచ్చి కొన్ని దినాలు తిరిగి మళ్ల మట్టిలకే పోతది. ఎనిమిది కాళ్లుంటయ్ గావట్టి పురుగుల లిస్టుల లేదు, సాలెపురుగు చుట్టాలల్ల ఉన్నది, అంటే కుల ధృవీకరణ పత్రం కాడనే ఫైలు ఆగిపోతది.

ఇగ కోతులు. వీళ్ల గురించి గౌరవంగనే రాయాలె, గేటు మీద కూసోని చూస్తున్నరు. జామకాయ తెంపి ఒక్క కొరుకు కొరికి పారేసుడు, ఇంకోటి తెంపుడు, ఇది తిండి కాదు, ఇన్‌స్పెక్షన్. ట్యాంకు మూత తీసి నీళ్ల క్వాలిటీ చూసుడు కూడా అందుల భాగమే. సర్కారు నిర్మల్ దగ్గర వీళ్లకు పిల్లలు పుట్టకుంట ఆపరేషన్లు చేసే సెంటర్ 2020ల పెట్టింది గానీ ఇక్కడి శాల్తీలకు ఆ ఊరు పొయ్యే ఉద్దేశం ఉన్నట్టు కనిపియ్యదు. వీళ్లను బెదిరియ్యనీకి కొండెంగను తెచ్చి కట్టేసుకుందామంటే 1972 వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు, గందుకే జనం కొండెంగ ఫ్లెక్సీ కడుతున్నరు. మా గల్లీల కట్టిన ఫ్లెక్సీకి మొదట్ల భయపడ్డయ్, ఇప్పుడు దాని నీడకు కూసోని పేన్లు చూసుకుంటున్నయ్.

కాబట్టి నా డిమాండ్ ఒక్కటే, పెరడుకు అనుభవదారు కాలం పెట్టి ఎవరి వాటా పన్ను వాళ్ల దగ్గర వసూలు చెయ్యాలె. ఏప్రిల్ ఆఖరు లోపల కడితే ఎర్లీ బర్డ్ కింద 5 శాతం తగ్గిస్తున్నరు, అది కోయిలకే పోనీయండి, పేచీ లేదు. మిగిలిన 95 శాతంల చీమలకెంత, కోతులకెంత తేల్చనీకి సర్వేయర్‌ను పంపిస్తే చాలు. వచ్చేటాయన చేతిల సంచి మాత్రం పట్టుకరావద్దు, చష్మా ఉంటే తీసి జేబుల పెట్టుకోవాలె.