ఆఖరి ముద్దకు చట్టబద్ధత కల్పించాలి

1934 నాటి విమానాల చట్టం గాలిపటాన్ని సైతం విమానం కింద లెక్కగట్టింది. అంత ముందుచూపున్న పెద్దలు, రోజూ మధ్యాహ్నం పన్నెండున్నరకు రెండేళ్ల పిల్లాడి ముక్కు చుట్టూ మూడు చక్కర్లు కొట్టి నోట్లో దిగాల్సిన పప్పన్నం ముద్దను మాత్రం గాలికొదిలేశారు. ఆ ముద్ద ఎన్నోది, దిగకపోతే బాధ్యులెవరు, ‘ఇదే ఆఖరిది’ అన్న ప్రకటన ఎంతసేపు అమల్లో ఉంటుంది, ఇవేవీ ఏ గెజిట్‌లోనూ లేవు. నాలుగు మెతుకుల కోసం ఇల్లిల్లూ పూటపూటా శాంతిభద్రతల సమస్య ఎదుర్కొంటుంటే చట్టసభలు చూస్తూ కూర్చోవడం శోచనీయం.

ముందుగా ఆఖరి ముద్ద అంటే ఏమిటో తేల్చాలి. వాడుకలో ఉన్న పద్ధతి ఇది. మొదటిది అమ్మ ముద్ద, రెండోది నాన్న ముద్ద. ఆ తర్వాత తాత, నాయనమ్మ, అమ్మమ్మ, బాబాయి, మేనత్త వరసగా వస్తారు. ఉమ్మడి కుటుంబాలు ఉన్నన్నాళ్లూ ఈ విధానానికి లోటు రాలేదు. ఒక్క పెదనాన్నగారి సంతానంతోనే గిన్నె ఖాళీ అయ్యేది. ఇప్పుడు ఏడో ముద్దకే చుట్టాలు అయిపోతున్నారు. అక్కణ్నుంచి వాచ్‌మన్ ముద్ద, లిఫ్ట్ ముద్ద, కింద పార్కింగ్‌లో పడుకునే కుక్క ముద్ద. అవీ అయ్యాక ‘ఇదే ఆఖరిది, ఒట్టు’ ముద్ద. దాని తర్వాత మామూలుగా ఇంకో నాలుగుంటాయి.

ఒట్టేసి తప్పడం మోసం కాదా అని కొందరు అమాయకులు అడుగుతారు. ఉన్న చట్టం ఏమంటోందో చూడండి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం కింద మైనరు చేసుకున్న ఒప్పందం మొదట్నుంచీ చెల్లదని మొహరీ బీబీ కేసులో, తెల్లదొరల కాలంలో ఆఖరి అప్పీళ్లు విన్న లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ 1903లోనే తేల్చేసింది. కాబట్టి ‘ఇంకో రెండు తింటా’ అని పిల్లాడిచ్చిన మాట పట్టుకుని కోర్టుకెళ్లే దారి అమ్మకు లేదు. కానీ మైనరు తన వంతు పని పూర్తి చేసి ఉంటే, అవతలి పక్షం ఇచ్చిన మాటను అమలు చేయించుకోవచ్చు. అంటే ‘ఇది తింటే ఫోన్ ఇస్తా’ అన్నామా, తిన్నాడా, ఇక ఇచ్చి తీరాలి. ఇంత ఏకపక్షమైన ఏర్పాటు ఇంకెక్కడైనా ఉందా? పైగా ‘బూచాడికి పట్టిస్తా’ అనడం సెక్షన్ 15 బలవంతం కిందికీ, ‘తినకపోతే అమ్మ ఏడుస్తుంది నాన్నా’ అనడం సెక్షన్ 16 అనుచిత ప్రభావం కిందికీ వస్తాయని వాదించే లాయరు ఎక్కడో ఉండే ఉంటాడు. ఎదుటివారి మనసును శాసించగల స్థానంలో ఉన్నవాళ్లకే సెక్షన్ 16 వర్తిస్తుంది. పన్నెండు కిలోల మనిషి వెనక నలుగురు పెద్దలు గిన్నె పట్టుకుని తిరుగుతున్న ఇంట్లో ఎవరు ఎవర్ని శాసిస్తున్నారో తేల్చాలంటే విస్తృత ధర్మాసనమే కూర్చోవాలి.

సరుకుకు కూడా ప్రమాణాలు నిర్ణయించాలి. పావు గ్లాసు బియ్యం, అందులో సగం పెసరపప్పు, గ్లాసున్నర నీళ్లు, చిటికెడు పసుపు. కుక్కర్లో నాలుగైదు కూతలు రానిచ్చి, ఆవిరి దానంతటది దిగేదాకా మూత జోలికి పోకూడదు. కాస్త ఉప్పు, వేయించి దంచిన జీలకర్ర, ఒక చిన్న చెంచా నెయ్యి వేసి వేడిమీదే మెత్తగా పిసకాలి. చల్లారాక పిసుకుదామనుకుంటే అన్నంలోని పిండి బిగుసుకుపోయి ఎంత నలిపినా ఉండలు మిగులుతాయి, పిల్లాడు ఆ ఒక్క ఉండనే ఏరి నాలుక చివర పెట్టి ప్రదర్శిస్తాడు. ఇంత జాగ్రత్తగా చేసినా తినిపించడం మొదలైన ఇరవై నిమిషాలకు గిన్నె అంచున నెయ్యి పేరుకుంటుంది, అన్నం మీద పొర కడుతుంది. దాన్ని సర్దడానికి పెద్దలు కాస్త చారు పోస్తారు. చారు పోశాక అది ముద్దకు రాదు, వేళ్ల సందుల్లోంచి మోచేతికి కారుతుంది. ఈ దశలో చెంచా తెస్తారు. చెంచా వచ్చిందంటే ‘నేనే తింటా’ అన్న స్వాతంత్ర్యోద్యమం మొదలైనట్టే. దాని ఆనవాళ్లు సాయంత్రం దాకా సోఫా కవరు మీద దొరుకుతాయి.

ఇక అసలు ఘట్టం. ముద్ద లోపలికి వెళ్లింది. ఎడమ బుగ్గ ఉబ్బింది. దవడ కదలడం లేదు. కళ్లు ఫ్యాన్ మీద ఉన్నాయి. ‘మింగు నాన్నా’ అంటే తల ఊపుతాడు. ‘ఏదీ, ఆ అను’ అంటే ఎంతో వినయంగా నోరు తెరుస్తాడు. నాలుక మీద ఏమీ ఉండదు. ‘మా బంగారమే’ అని మెచ్చుకుని మంచినీళ్లిస్తే, గుక్క తాగేలోపు మూడు ముద్దల నిల్వ మొత్తం స్టీలు గ్లాసులోకి దిగి అడుగున కూర్చుంటుంది. ఇలా పుక్కిట పట్టడానికి కారణాలున్నాయి. వెనక దవడపళ్లలో రెండో విడత 23 నుంచి 33 నెలల మధ్యగానీ రావు, గట్టి పదార్థమేదైనా వాడికి నిజంగానే శ్రమ. అయితే పప్పన్నానికి పళ్లతో పనేమీ లేదు. నోరు ఖాళీ అయిన మరుక్షణం ఇంకో ముద్ద పడుతుందని వాడికి అనుభవం మీద తెలుసు. నిండిన నోరే వాడు తెచ్చుకున్న స్టే ఆర్డరు.

ఈ సమస్య మీద పిల్లల డాక్టర్ల వైఖరి మరీ నిరుత్సాహకరంగా ఉంది. వాళ్లు లెక్కలు చెబుతారు. మూడు కిలోలతో పుట్టిన బిడ్డ ఏడాదికి తొమ్మిది కిలోలవుతుంది, అంటే ఆరు కిలోల పెరుగుదల. రెండో ఏడు మొత్తం మీద పెరిగేది మహా అయితే రెండున్నర కిలోలు. పెరుగుదల వేగం తగ్గాక ఆకలీ తగ్గుతుందట, అది జబ్బు కాదట. ఒకటి నుంచి మూడేళ్ల పిల్లలకు రోజుకు సుమారు 1000 కిలోకేలరీలు చాలట. పొద్దున్న లేవగానే ఒక గ్లాసు, పదకొండుకు ఒకటి, సాయంత్రం ఒకటి, వెరసి 600 మిల్లీలీటర్ల ఫుల్‌క్రీమ్ ప్యాకెట్ పాలు తాగిస్తే 500 పైచిలుకు అక్కడే వచ్చేశాయి. ఏడవకుండా చేతిలో పెట్టిన నాలుగు గ్లూకోజ్ బిస్కెట్లు ఇంకో 90. ఒక చిన్న అరటిపండు 70. ఇక మిగిలింది 300 చిల్లర, దాన్ని మూడు పూటలకు పంచుకోవాలి. చిన్న నిమ్మకాయలో సగమంత ఉండే, నెయ్యి వేసిన పప్పన్నం ముద్ద ఒక్కొక్కటి 20 నుంచి 25 దాకా ఇస్తుంది. ఈ లెక్కన పిల్లాడు మధ్యాహ్నం ఐదో ముద్దకు నోరు మూసేశాడంటే తప్పు వాడిది కాదనీ, రోజుకు అరలీటరు దాటి పాలు పోయొద్దనీ, పాలతో కడుపు నింపితే ఒంట్లో ఇనుము తగ్గి రక్తహీనత కూడా వస్తుందనీ వాళ్ల వాదన.

ఈ వాదనలో ఉన్న లోపం స్పష్టం. ఇందులో ఎక్కడా ఎదురింటి ఆంటీ ప్రస్తావన లేదు. తల్లీబిడ్డల కార్డులో బరువు చుక్క ఆకుపచ్చ పట్టీలోనే ఉందని డాక్టరు చూపిస్తే సరిపోతుందా? పెళ్లిలో చంకలోని పిల్లాణ్ని చూసి ‘ఏంటమ్మా, బాబు చిక్కిపోయాడు’ అనే పెద్దమ్మకు ఆ కార్డు చూపించగలమా? ఆవిడ పోయిన్నెలా అదే అంది, పైనెలా అదే అంటుంది. ఆ మాటకు అప్పీలు లేదు. డల్లాస్‌లో హైచైర్‌లో కూర్చున్న మనవడు బెల్టు తెంచుకుని దిగాలని చూస్తుంటే, విజయవాడలో రాత్రి పదకొండుకు మేలుకుని వీడియో కాల్లో ‘తిన్నాడా’ అని అడిగే అమ్మమ్మకు కేలరీలు వినిపిస్తే ఏం లాభం? ఆవిడకు గిన్నె వంచి చూపించాలి. అడుగు కనిపించాలి.

ఫోన్ సంగతి. రెండేళ్లలోపు పిల్లలకు తెర అసలు వద్దనీ, ఆ పైన ఐదేళ్లలోపు వాళ్లకు రోజుకు గంట మించొద్దనీ పిల్లల డాక్టర్లు చెబుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 సూచనలూ ఇంచుమించు ఇంతే. ఆ సూచనలు రాసినవాళ్లు ఏనాడూ ఏ పిల్లాడికీ తినిపించలేదని ఘంటాపథంగా చెప్పొచ్చు. ఫోన్ పెడితే నోరు దానంతటదే తెరుచుకుంటుంది, నిజమే. చిక్కల్లా బొమ్మ చూస్తున్న పిల్లాడికి కడుపు నిండిన సంగతీ తెలియదు, తిన్నదేమిటో కూడా తెలియదు. అందుకే ప్రకటన వచ్చిన ఐదు సెకన్లలో టక్కున నోరు మూసుకుంటుంది. అమ్మ కుడిచేయి పప్పు, ఎడమచేయి గిన్నె. ‘స్కిప్’ నొక్కడానికి ముక్కు తప్ప వేరే మార్గం లేదు. నెలరోజులు ఇలా గడిచాక ఫోన్ లేని ముద్దను పిల్లాడు ముద్దగా గుర్తించడు.

కొత్త కూర విషయంలోనూ నిపుణులది ఇదే మొండితనం. ఒక కొత్త రుచి అలవాటు కావాలంటే ఎనిమిది నుంచి పదిహేను సార్లు పళ్లెంలో కనిపించాలట, బలవంతపెట్టకూడదట. మనవాళ్లు మూడోసారికే ‘బీరకాయ మావాడికి పడదు’ అని తీర్మానం చేసి పంపుతారు. ఎందుకంటే బీరకాయ పదిహేను సార్లు వండితే అది ఇంటాయన కూడా తినాలి. ఇంటాయన తినడు.

ఇవన్నీ విఫలమైనప్పుడు ఆశ్రయించడానికి మనకు రెండు వ్యవస్థలున్నాయి. ఒకటి దిష్టి. ఎండుమిరపకాయలు, రాళ్లుప్పు గుప్పిట పట్టి మూడుసార్లు తిప్పి పొయ్యిలో వేయాలి. ఘాటు రాకపోతే దిష్టి ఉన్నట్టు, ఘాటు వస్తే ఇప్పుడే పోయినట్టు. రెండో వ్యవస్థ ఆకలి మందు. ఎవరో వాడి మిగిల్చిన సీసా ఇంకెవరో ఇస్తారు. వాటిలో చాలావాటిలో ఉండే సైప్రోహెప్టడిన్ అసలు అలర్జీ మందు, నిద్రమత్తు దాని ప్రధాన లక్షణం. డాక్టరు రాయకుండా దాన్ని ముట్టుకోకూడదు. అయినా మత్తులో జోగే పిల్లాడు ఎదురుచెప్పడు కదా అని దానికి ‘బాగా పనిచేస్తోంది’ అన్న పేరొచ్చింది. అంగన్‌వాడీ ఇచ్చే బాలామృతం ఊసు ఇక్కడ అనవసరం. ఏడు నెలల నుంచి మూడేళ్ల పిల్లల కోసం ఇచ్చే ఆ పిండి లడ్డూలుగా మారి ఇంటిల్లిపాదికీ బలం చేకూరుస్తోంది.

ఒక్క సెక్షన్ విషయంలో మాత్రం రాజీ కుదరదు. పరుగెత్తే పిల్లాడి నోట్లో ముద్ద పెట్టడం, నవ్వించి నోరు తెరిపించి లోపలికి తోసేయడం పూర్తిగా నిషేధించాలి. నవ్వేటప్పుడు ఊపిరి లోపలికి పీల్చుకుంటారు, నోట్లో ఉన్నది దాంతోపాటే గొంతు దాటి గాలిగొట్టంలోకి పోతుంది. నాలుగేళ్లు నిండేదాకా పల్లీలు, వేయించిన శనగలు గింజలుగా ఇవ్వకూడదు, పొడి చేసి కలపాలి. ద్రాక్షపండు నిలువునా నాలుగు చీలికలు చేయాలి. గుండ్రంగా అడ్డం కోస్తే ఆ బిళ్లే గొట్టానికి మూతై కూర్చుంటుంది. భోజనం అరగంటలో అయిపోవాలి. అయినా కాకపోయినా గిన్నె తీసేయాలి, మళ్లీ రెండున్నర, మూడు గంటల దాకా ఏమీ పెట్టకూడదు. ఈ చివరి నిబంధన అమలుకు నాయనమ్మ ఊళ్లో లేని రోజులే అనువైనవి.

మిగిలిన అన్నం ఎవరి ఆస్తి అన్నది ఇంకో వివాదం. అమ్మ ఉదయం నుంచి ఏమీ తినలేదంటుంది, ఆమాట నిజమేననుకుంటుంది కూడా. సింకు దగ్గర నిలబడి మూడు పూటలా ఖాళీ చేసిన గిన్నెలు ఎవరి ఖాతాలోనూ పడవు. ఏడాది తిరిగేసరికి పిల్లాడు రెండు కిలోలు పెరిగితే ఇంట్లో ఇంకెవరో నాలుగు పెరుగుతున్నారు, దీనికి కారణం థైరాయిడ్ అని పరీక్షలు రాయించుకుంటున్నారు.

ముసాయిదా దాదాపు సిద్ధం. ఒక్క రాత్రి తొమ్మిదిన్నర సెక్షనే కొరుకుడు పడటం లేదు. గిన్నెలు తోమడం అయిపోయి, పక్కలు వేసి, లైటు తీశాక చీకట్లోంచి ‘అమ్మా, ఆకలి’ అని వినిపిస్తుంది. అన్నం లేదంటే రాక్షసత్వం. ఉందంటే మళ్లీ అమ్మ ముద్ద, నాన్న ముద్ద నుంచి మొదలు. మధ్యేమార్గంగా ఒక గ్లాసు పాలు పోస్తే అది పొద్దుటి ఇడ్లీకి అడ్డుపడుతుంది, పళ్లు మళ్లీ తోమించాలి, అదింకో అరగంట. పౌరులు తమ సూచనలను తొమ్మిది ఇరవై తొమ్మిదిలోపు పంపాలి. ఆ తర్వాత వచ్చినవాటిని చదివే ఓపిక ఎవరికీ ఉండదు.