మేస్టార్లను అడిగే నాథుడు లేడా?

శ్రీకాకుళం జిల్లాలో టెక్కలి, పలాస వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఈ మధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. సర్కారు బడి టీచర్లను అడిగే నాథుడు లేడట, నలుగురిలో ఒకరు బడికే రారట, ఎమ్మెల్సీ ఓటుందని ఏ పార్టీ వాళ్ల జోలికి పోదట, అందుకని హాజరు చూసే పని, బదిలీ చేసే అధికారం సర్పంచ్‌కీ ఎమ్మెల్యేకీ ఇచ్చేస్తే ఆర్నెల్లలో బడులు బాగుపడతాయట. మా ఆమదాలవలస గ్రూపులో చదువుకున్నవాళ్లు కూడా దీనికి దండాలు పెడుతున్నారు కాబట్టి ఒక్కో మాటా చూద్దాం.

"అడిగే నాథుడు లేడు." ఎవరన్నారు? 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం బడికో యాజమాన్య కమిటీ ఉండాలి, అందులో నాలుగింట మూడొంతుల మంది పిల్లల తల్లిదండ్రులే, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు. మన రాష్ట్రంలో తరగతికి ముగ్గురు తల్లిదండ్రులను ఎన్నుకుంటాం, ఛైర్మన్ కూడా వాళ్లలోంచే రావాలి. మేస్టారు టైముకి వస్తున్నారా, బయట ట్యూషన్లు చెబుతున్నారా, గ్రాంటు దేనికి ఖర్చయింది, ఇవన్నీ చూడడం ఈ కమిటీ పనే. 2024 ఆగస్టులో కమిటీలకు ఎన్నికలు జరిగాయి కదా, ఆ రోజు మనలో ఎంతమంది బడికి వెళ్లాం? చాలా ఊళ్లలో జరిగేది ఏంటంటే, ఊరి పెద్ద ముందురోజే పేర్లు రాసి పంపిస్తాడు, మిగతావాళ్లు సంతకం పెట్టి వచ్చేస్తారు. అంటే అడిగే హక్కు లేక కాదు, దాన్ని కూడా మనం ఆ పెద్దకే అప్పజెప్పేశాం.

"నలుగురిలో ఒకరు రారు." ఈ లెక్క గాల్లోంచి పుట్టలేదు. 2003లో చెప్పకుండా బడులకు వెళ్లి చేసిన ఒక పెద్ద సర్వేలో 25 శాతం మంది ఆ సమయానికి బడిలో లేరని తేలింది. కానీ బడిలో లేకపోవడం వేరు, ఎగ్గొట్టడం వేరు. 2017లో అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ 619 బడులు చూసి, సెలవులో ఉన్నవాళ్లనీ ఆఫీసు పనిమీద, శిక్షణకి వెళ్లినవాళ్లనీ విడదీస్తే, ఏ కారణమూ లేకుండా రానివాళ్లు 2.5 శాతమే. ఆ రెండున్నర శాతాన్ని నేను వెనకేసుకు రావడం లేదు, వాళ్ల మీద చర్య తీసుకోవాల్సిందే. పైగా మన దగ్గర 2022 నుంచి ముఖం చూపించి యాప్‌లో హాజరు వేయాలి, సిగ్నల్ లేని మందస కొండ ఊళ్లలో ఫోన్ పైకెత్తుకుని తిరిగే మేస్టార్లను చూసినవాళ్లు ఈ మెసేజ్ రాసి ఉండరు.

"ఎమ్మెల్సీ ఓటుందని భయపడతారు." ఇది సగం కూడా నిజం కాదు. రాజ్యాంగం 171వ అధికరణ ప్రకారం ఉపాధ్యాయ నియోజకవర్గంలో ఓటు హైస్కూలు, ఆపై స్థాయిలో చెప్పేవాళ్లకే. 2025 ఫిబ్రవరి 27న శ్రీకాకుళం-విజయనగరం-విశాఖ స్థానానికి జరిగిన ఎన్నికలో ఊళ్లో ఒకటి నుంచి ఐదు చెప్పే సెకండరీ గ్రేడ్ టీచర్లకు (ఎస్జీటీలకు) ఓటే లేదు. మెసేజ్ తిట్టేదేమో ముఖ్యంగా వాళ్లనే! పట్టభద్రుల ఓటు అంటారా, డిగ్రీ అయి మూడేళ్లు దాటి, పేరు నమోదు చేయించుకున్న ఎవరికైనా అది ఉంటుంది.

ఇక అసలు మాట, బదిలీ అధికారం నాయకుడికి ఇవ్వడం. ఇదేదో కొత్త ఆలోచనలా చెబుతున్నారు గానీ ఒకసారి చేసి చూసిందే. 1959 చట్టంతో పంచాయతీ సమితులు వచ్చాక ప్రాథమిక బడులు వాటి కిందకి వెళ్లాయి, 1986లో మండలాల చట్టం వచ్చేదాకా అదే నడిచింది. ఆ రోజుల్లో పనిచేసిన పెద్ద మేస్టార్లు ఇంకా ఉన్నారు, అడగండి. సమితి ప్రెసిడెంట్ గారి ఇంటి అరుగు దగ్గర నిలబడడం, ఎన్నికల్లో అవతలివాడి వైపు ఉన్నాడని చాడీ చెబితే చాలు, ఏడాది మధ్యలో ఏ కొండ ఊరికో ఆర్డరు రావడం, అవన్నీ వాళ్లు ఇప్పటికీ చెబుతారు. ఈ బాధ పడలేకే టీచర్ల సంఘాలు కౌన్సెలింగ్ కోసం, అంటే పాయింట్ల వరసలో టీచరే ఖాళీ ఉన్న బడి ఎంచుకునే పద్ధతి కోసం, అన్నేళ్లు పోరాడాయి. 2025లో బదిలీల నియంత్రణ చట్టం కూడా వచ్చింది, టీచర్ ఒకేచోట గరిష్ఠంగా ఎనిమిది విద్యా సంవత్సరాలు, హెడ్మాస్టర్ ఐదు, మిగతాదంతా పాయింట్ల లెక్క. సిఫార్సు లేఖల బాగోతం పూర్తిగా పోయిందని నేను అనను, కానీ ఇప్పుడది దొడ్డిదారి. ఈ మెసేజ్ దాన్నే సింహద్వారం చేద్దామంటోంది.

ఎమ్మెల్యే చేతిలో బదిలీ ఉంటే మేస్టారు ఎవరికి భయపడతారు? మీ అమ్మాయికి లెక్కలు రాలేదని అడగడానికి వెళ్లిన మీకా, మీటింగుకి జనాన్ని పోగెయ్యమనే నాయకుడికా? 2020 మేలో విశాఖ జిల్లాలో మద్యం షాపుల ముందు క్యూలు చూడడానికి టీచర్లను పెట్టారు, గుర్తుందా? విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ జనగణన, విపత్తు సాయం, ఎన్నికల పని తప్ప చదువుకి సంబంధం లేని పని ఇంకేదీ చెప్పకూడదంటోంది, అయినా పెట్టారు. ఊళ్లో ఉన్న నాయకుడికే ఆ అధికారం ఇస్తే ఏమేం చేయిస్తాడో మీరే ఊహించుకోండి.

"ఆర్నెల్లలో బాగుపడతాయి" అన్నదానికి ఆధారం ఏదీ లేదు, కాబట్టి జవాబు కూడా అక్కర్లేదు.

నిజంగా బడికి రాని మేస్టారు మీ ఊళ్లో ఉంటే తేదీలు రాసుకోండి. కమిటీ మీటింగులో చెప్పి మినిట్స్ పుస్తకంలో రాయించండి, పాఠశాల అభివృద్ధి ప్రణాళిక ఎక్కడుందో చూపించమనండి. అప్పటికీ కదలకపోతే విద్యాహక్కు చట్టం 32వ సెక్షన్ కింద స్థానిక అధికార సంస్థకి (పంచాయతీ, పరిషత్, మున్సిపాలిటీల్లో మీ బడి దేని కింద ఉంటే దానికి) రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, అవతలివాళ్ల మాట కూడా విని మూడు నెలల్లో తేల్చాలి. కాయితం ఇచ్చినట్టు రసీదు మాత్రం తప్పకుండా తీసుకోండి.