యూరప్‌కో న్యాయం, మనకో న్యాయమా?

విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మద్దతు ఆగిపోయింది. భద్రతా అప్‌డేట్లు ఇక మామూలుగా రావు. 2015 జులైలో విడుదలైన సాఫ్ట్‌వేర్‌కు ఎల్లకాలం మరమ్మతులు చేస్తూ కూర్చోలేమన్నది మైక్రోసాఫ్ట్ వాదన. వ్యాపార సంస్థగా అది సబబే కావచ్చు. అలాంటప్పుడు ఆ మాట అందరికీ ఒకేలా వర్తించాలి కదా?

వర్తించడం లేదు. మరో ఏడాది, అంటే 2026 అక్టోబరు 13 దాకా, అప్‌డేట్లు కావాలంటే ఇంట్లో కంప్యూటర్ వాడుకునేవారు 30 డాలర్లు కట్టాలట. లేదంటే సెట్టింగులను ఆ సంస్థ క్లౌడ్‌లో బ్యాకప్ చేయాలి. అదీ కాదంటే దాని రివార్డు పాయింట్లు వెయ్యి కూడబెట్టాలి. ఈ షరతులపై యూరప్ వినియోగదారుల సంఘాలు నిలదీస్తే సంస్థ 2025 సెప్టెంబరులోనే దిగొచ్చింది. ఐరోపా ఆర్థిక మండలి దేశాల్లో మైక్రోసాఫ్ట్ ఖాతా ఉంటే చాలు, డబ్బూ వద్దు, బ్యాకప్పూ వద్దంది. అదే లోపం, దాన్ని సరిచేసే అదే ప్యాచ్. బెర్లిన్‌లో ఊరికే ఇస్తారు, బెజవాడలో షరతులు పెడతారు!

పోనీ విండోస్ 11కి మారదామా అంటే దానికి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసరో ఆపైదో కావాలి. పిల్లల ఆన్‌లైన్ క్లాసుల కోసం అప్పట్లో సెకండ్ హ్యాండ్‌లో కొన్న పాత డెస్క్‌టాప్‌లో అవెక్కడుంటాయి? నిక్షేపంలా పనిచేస్తున్న మెషీన్‌ను అవతల పారేసి కొత్తది కొనుక్కోమనడమే ఇది.

ప్యాచ్ లేకపోతే ఏమవుతుందో 2017 మేలో చూశాం. ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే వాన్నక్రై వైరస్ వాడుకున్న లోపానికి మందు అదే ఏడాది మార్చిలోనే వచ్చింది. వేసుకోని కంప్యూటర్లు బలయ్యాయి. బ్రిటన్ ఆసుపత్రులతోపాటు మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లూ వాటిలో ఉన్నాయి. 2014లోనే మద్దతు ఆపేసిన విండోస్ ఎక్స్‌పీకి కూడా అప్పుడు ఇదే మైక్రోసాఫ్ట్ ఆగమేఘాల మీద ప్యాచ్ ఇచ్చింది. ఏ దేశమని అడగలేదు, ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు. అంటే ఇవ్వలేక కాదు, ఇవ్వక్కర్లేదనుకోవడం వల్లే ఇప్పుడీ తేడా. పైగా అలాంటి వైరస్ ఒక మెషీన్‌లో చొరబడితే పక్కదానికీ పాకుతుంది. యూరప్‌లో తలుపులు మూసి మిగతా ప్రపంచంలో బార్లా తెరిచిపెడితే అదేం భద్రత?

అడగందే అమ్మయినా పెట్టదంటారు. యూరప్ అడిగింది, పుచ్చుకుంది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ, ఐటీ శాఖ కూడా యూరప్‌కు ఇచ్చిందే మాకూ ఇవ్వాలని రాతపూర్వకంగా, గట్టిగా అడగాలి. డిజిటల్ ఇండియా పేరిట పన్నుల నుంచి పరీక్షల దరఖాస్తుల దాకా ప్రతి పనికీ జనాన్ని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది ప్రభుత్వమే. ఎప్పటికప్పుడు ప్యాచ్‌లు వేసుకోండని తన సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌తో ప్రకటనలు ఇప్పించి చేతులు దులిపేసుకుంటే కుదరదు. వేసుకోమన్న ప్యాచ్ మనవాళ్లకు ఇన్ని షరతులతో ఎందుకు వస్తోందో ముందు ఢిల్లీ సమాధానం చెప్పాలి.