అసలెంత, కొసరెంత? సూపర్‌హీరో మిస్టరీ బాక్సుల లెక్క

సూపర్‌హీరో మిస్టరీ బాక్సు అంటే లోపల ఏముందో ముందే చెప్పకుండా, చందా కట్టినవాళ్లకు నెలకో రెండు నెలలకో పంపే పెట్టె. తెరిస్తే మామూలుగా కనిపించేవి ఇవి: మడత పెట్టిన టీషర్టు, ముందువైపు పారదర్శక కిటికీ ఉన్న డబ్బాలో ఒక వినైల్ (ఒక రకం ప్లాస్టిక్) బొమ్మ, మూలల్లో సర్దిన ఎనామెల్ పిన్ను, గుడ్డ ప్యాచ్, స్టిక్కర్లు. అప్పుడప్పుడూ ప్రత్యేక ముఖచిత్రంతో వేసిన ఒక కామిక్ కూడా ఉంటుంది. ఇందులో అసలు రెండే, బొమ్మ, టీషర్టు. మిగతాదంతా కొసరు. అయితే ప్రకటనలో పెద్ద అక్షరాలతో కనిపించే ‘ఇంత విలువ గల వస్తువులు’ అన్న అంకెను మోసేది మాత్రం ఆ కొసరే.

ఎలాగంటారా? పెట్టెలోని వస్తువులు చందాదారుల కోసమే తయారవుతాయి కాబట్టి వాటికి బయట అంగడి ధర ఉండదు. పిన్నుకు పది డాలర్లు, ప్యాచ్‌కు ఎనిమిది అని కంపెనీ తానే రాసుకుంటుంది. కాదనడానికి పోల్చి చూసే ధర మరొకటి లేదు. అందుకే చందా కట్టే ముందు లెక్క మనమే వేసుకోవాలి. బొమ్మకు అదే సైజు మామూలు బొమ్మ ధర, అంటే 2015 ప్రాంతంలో అమెరికా దుకాణాల్లో పది పన్నెండు డాలర్లు. టీషర్టుకు విడిగా ఎంత పెట్టి కొనేవాళ్లమో అంత. కొసరుకు సున్నా. వినైల్ బొమ్మలు చేసే ఫంకో కంపెనీ 2015లో మొదలుపెట్టిన మార్వెల్ కలెక్టర్ కోర్ అనే చందా రెండు నెలలకో పెట్టె పంపేది. ధర 25 డాలర్లు, రవాణా అదనం. ఈ పద్ధతిలో లెక్కిస్తే అది లాభనష్టాల మధ్య సరిగ్గా గట్టు మీద నిలబడుతుంది. ఎటు ఒరుగుతుందో తేల్చేది బొమ్మ కాదు, టీషర్టు. సైజు కుదరకపోతే సగం డబ్బు బీరువాలో మూలుగుతున్నట్టే. చేరేటప్పుడు ఒకసారి ఎంచుకున్న సైజే ప్రతి పెట్టెకూ వర్తిస్తుంది, పంపే తేదీకి చాలా ముందే మార్పులకు తలుపు మూసేస్తారు. కాబట్టి S, M అక్షరాలను నమ్మకుండా, ఒంటికి సరిపోయే పాత టీషర్టు ఛాతీ వెడల్పు టేపుతో కొలిచి కంపెనీ పట్టికతో సరిచూసుకోవడం మంచిది.

ఇక మిస్టరీ సంగతి. గుప్పిట మూసి ఉన్నా లోపల ఏముందో చాలావరకు ఊహించవచ్చు, ఎందుకంటే పెట్టెను నింపేది లైసెన్సు ఒప్పందాలు, సినిమాల విడుదల తేదీలు. ఐరన్ మ్యాన్ కామిక్స్ వేసే మార్వెల్ 2009 నుంచి డిస్నీ చేతిలో ఉంది, బ్యాట్‌మ్యాన్ కామిక్స్ వేసే డీసీ వార్నర్ బ్రదర్స్‌ది. ఒకే సంస్థకు చెందిన పెట్టెలో ఐరన్ మ్యాన్ పక్కన బ్యాట్‌మ్యాన్ రాడు. ఫంకో కూడా డీసీ కోసం 2016లో లీజియన్ ఆఫ్ కలెక్టర్స్ అని వేరే చందా పెట్టింది. కలెక్టర్ కోర్ తొలి పెట్టె 2015లో వచ్చిన అవెంజర్స్ సినిమా పేరు మీద, లీజియన్ తొలి పెట్టె బ్యాట్‌మ్యాన్, సూపర్‌మ్యాన్ తలపడిన సినిమా పేరు మీద వచ్చాయి. రాబోయే రెండు నెలల సినిమా క్యాలెండర్ చూసినవాళ్లకు పెట్టెలో ఎవరుంటారో సగం తెలిసినట్టే. మిగతా సగం, పెట్టెలు అందిన మొదటి రోజే వచ్చిపడే అన్‌బాక్సింగ్ వీడియోలు చెప్పేస్తాయి.

లైసెన్సు ముద్ర బొమ్మ ఒంటి మీదే కనిపిస్తుంది. ఫంకో చేసే వినైల్ బొమ్మల్ని పాప్‌లు అంటారు. వాటిలో మార్వెల్ వీరుల తల మామూలుగా స్ప్రింగు మీద ఊగుతుంది, డీసీ వాళ్ల తల ఊగదు. మార్వెల్ యాక్షన్ ఫిగర్ల (కాళ్లూ చేతులూ కదిలే బొమ్మల) హక్కులు హాస్‌బ్రో అనే ఆటబొమ్మల కంపెనీ దగ్గర ఉండటంతో మార్వెల్ పాప్‌లు బాబుల్‌హెడ్‌లుగా, అంటే తల ఊగే బొమ్మలుగా వచ్చాయి. ఊగే తలను చూసి బొమ్మ విరిగిపోయిందని ఫిర్యాదు చేసే కొత్త చందాదారులు ఇది తెలుసుకుంటే చాలు. బొమ్మకు వేసిన దుస్తులు సినిమాలో మరోలా ఉంటే అది కూడా లోపం కాదు. అచ్చులు పోసేది సినిమా పూర్తికాక ముందు, తొలి చిత్రాలను చూసి. 2020 మే నెలలో రావలసిన బ్లాక్ విడో సినిమా 2021 జులైకి జరిగింది. సరుకు మాత్రం పాత తేదీ ప్రకారమే దుకాణాలకు చేరిపోయింది.

చాలామంది పొరబడే చోటు ‘ఎక్స్‌క్లూజివ్’ అనే మాట. ఎక్స్‌క్లూజివ్ అంటే అరుదైనది అని కాదు. వేరేచోట అమ్మరు, అంతే. చందాదారులందరికీ దాదాపు ఒకే బొమ్మ వెళుతుంది కాబట్టి ఎంతమంది చందాదారులో అన్ని బొమ్మలు. పెట్టెలు చేరిన వారంలోనే టీషర్టు ఉంచుకుని బొమ్మను, బొమ్మ ఉంచుకుని టీషర్టును అమ్మకానికి పెట్టేవాళ్లు గుంపుగా దిగుతారు. ధర పడిపోయేది అప్పుడే. బొమ్మ ఒక్కటే కావాలనుకునేవాళ్లకు చందా అవసరమే లేదు. రెండో వారం నుంచి విడి బొమ్మల కోసం చూడటమే చవక బేరం. చందా అర్థవంతమయ్యేది ఒకే ప్రపంచం మీద మోజున్నవాళ్లకు, టీషర్టు నిజంగా తొడుక్కునేవాళ్లకు. రకరకాల సినిమాలు, గేములు కలిపి పంపే పెట్టెల్లో అయిదు వస్తువులకు ఒకటి మన వీరుడిది అయితే అదృష్టం.

పేరు ఒకటే అయినా, పాత బొమ్మలు తిరిగి అమ్మే వ్యాపారులు పెట్టే మిస్టరీ బాక్సులు పూర్తిగా వేరే జాతి. అందులో ఒక పెట్టెకూ మరో పెట్టెకూ పోలిక ఉండదు. వంద పెట్టెల్లో ఒకదానిలో 500 డాలర్ల బొమ్మ, మిగతా 99లో ఎనిమిదేసి డాలర్లవి ఉన్నాయనుకుందాం. పెట్టె ధర 25. లోపలి సరుకు మొత్తం 1,292 డాలర్లు, వసూలు 2,500. ఇది చందా కాదు, లాటరీ. అమ్మేవాళ్లు మొత్తం ఎన్ని పెట్టెలు, ఖరీదైనవి ఎన్ని అన్న రెండు అంకెలూ రాయకపోతే ఆ లాటరీకి టికెట్ల లెక్క కూడా లేనట్టే. అమ్ముడుపోని సరుకుకు ఈ రంగంలో కొదవ లేదు. 2023లో ఫంకోయే 3 కోట్ల డాలర్లకు పైబడిన నిల్వను పారేయబోతున్నట్టు ప్రకటించింది.

దారిలో జరిగే నష్టం మరో పెద్ద పద్దు. బొమ్మ ఎత్తు సుమారు 9.5 సెంటీమీటర్లే. దాని డబ్బా మాత్రం 16 దాకా ఉంటుంది, పైగా పలచటి అట్ట. బయటి పెట్టెలో ఖాళీ ఉంటే డబ్బా దొర్లి మూలలు నొక్కుకుపోతాయి. డబ్బాతో సహా దాచుకునేవాళ్లకు నొక్కుపడిన మూల అంటే తరుగే, కంపెనీలు మాత్రం బొమ్మ విరిగితే మారుస్తాయి గానీ డబ్బా నలిగితే పట్టించుకోవడం తక్కువ. బయటి పెట్టెను ఆరు వైపులా ఫోటో తీశాకే టేపు కోయాలి. విండో డబ్బా మీద కత్తి గీత పడకుండా బ్లేడు మొన మాత్రమే దింపాలి. ఫిర్యాదు గడువు రోజుల్లోనే ఉంటుంది, చాలామంది పోగొట్టుకునేది ఆ గడువునే.

ఎండలో నిలిచిన వ్యానులో వినైల్ మెత్తబడి బొమ్మ పక్కకు ఒరిగిపోతుంది. ఇది పాడైపోవడం కాదు. మరుగు దించిన వేడినీళ్లలో ఒంగిన భాగాన్ని అర నిమిషం నుంచి నిమిషం దాకా ముంచి, చేత్తో నిలబెట్టి, వెంటనే చన్నీళ్లలో పెడితే ఆ ఆకారంలోనే బిగుస్తుంది. తల లోపలికి నీరు పోనివ్వకూడదు, స్ప్రింగు తుప్పు పడుతుంది. ఏళ్ల తరబడి మూసిన వేడి గదిలో ఉంచితే మెత్తదనం కోసం కలిపిన రసాయనం పైకి ఊరి బొమ్మ జిగటగా తయారవుతుంది. ఇంట్లో ఎండ పడే కిటికీ పక్కన పెడితే ముందుగా వెలిసేది ఎరుపు.

దేశం దాటి తెప్పించుకుంటే తూకానికి కాదు, పరిమాణానికి కట్టాల్సి రావచ్చు. చాలా కొరియర్లు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తాయి. 30, 25, 18 సెంటీమీటర్ల పెట్టె కాటా మీద కిలో కూడా తూగకపోయినా బిల్లులో 2.7 కిలోలు అవుతుంది. ఆపైన కస్టమ్స్. ప్రకటనలో ఊదిన ఆ విలువే కాగితాల మీదా ఉంటే సుంకం దాని మీదే పడుతుంది.

ఇంతా చేస్తే, పెట్టెలో ఏముందో తెలియకపోవడం పెద్ద ప్రమాదం కాదు. పెట్టె అసలు వస్తుందా అన్నదే ప్రశ్న. 2012లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టిన లూట్ క్రేట్ అనే మిస్టరీ బాక్సుల కంపెనీ 2016లో ఇంక్ పత్రిక ప్రకటించిన వేగంగా ఎదిగే ప్రైవేటు కంపెనీల జాబితాలో మొదటి స్థానంలో నిలిచింది. మూడేళ్లకు, 2019 ఆగస్టులో, దివాలా రక్షణ కోరుతూ కోర్టుకెక్కింది. ఏడాది చందా ముందే కట్టినవాళ్ల స్థితి అలాంటప్పుడు కొనుగోలుదారుది కాదు, అప్పిచ్చినవాడిది. ఏడాది ప్లానులో నెలకు రెండు మూడు డాలర్లు తగ్గిస్తామంటారు. వడ్డీ అనుకుంటే ఆ అప్పుకు అది చాలా తక్కువ వడ్డీ. నెలవారీగానో, పెట్టెకింతనో కట్టే పద్ధతే మేలు. కార్డు నుంచి డబ్బు తీసుకున్న తేదీకీ పెట్టె బయల్దేరిన తేదీకీ మధ్య ఎడం పెట్టెపెట్టెకూ పెరుగుతుంటే గోదాములో ఏదో తేడా ఉందని అర్థం. ఆ ఎడాన్ని రాసి పెట్టుకోవడం కంటే మంచి హెచ్చరిక గంట లేదు.

మానుకోవడం చేరినంత తేలిక కాదు. ఆన్‌లైన్ చందాను ఆపడానికి సులువైన మార్గం ఉండాలని అమెరికాలో 2010 నాటి చట్టం చెబుతుంది. ఒక్క నొక్కుతో రద్దయ్యేలా 2024 అక్టోబరులో అక్కడి వినియోగదారుల రక్షణ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తెచ్చిన కొత్త నిబంధనను మాత్రం 2025 జులైలో అప్పీలు కోర్టు కొట్టేసింది. కాబట్టి చేరిన రోజే రెన్యూవల్ తేదీకి వారం ముందు ఫోనులో గుర్తు పెట్టుకోవాలి. రద్దు చేశాక ‘స్కిప్’ అయిందా, ‘క్యాన్సిల్’ అయిందా చూడాలి. స్కిప్ అంటే ఒక్క పెట్టె మాత్రమే ఆగుతుంది. నిర్ధారణ మెయిల్ రాకపోతే రద్దు కాలేదనే అనుకోవాలి. కార్డు గడువు తీరిపోయింది కదా, డబ్బు ఎలా పోతుందిలే అని వదిలేసేవాళ్లూ ఉంటారు. కొత్త కార్డు నంబరును పాత వ్యాపారికి తనంతట తానే చేరవేసే ఏర్పాటు కార్డు నెట్‌వర్కుల దగ్గర ఉంది.