అలమరలో రౌటర్, అరచేతిలో స్పీడ్ టెస్ట్

ఇంటర్నెట్ నెమ్మదించినప్పుడు బాధ్యత గల గృహస్థు చేయాల్సిన మొదటి పని స్పీడ్ టెస్ట్ నొక్కడం. అంకె నచ్చకపోతే మళ్లీ నొక్కాలి. అప్పటికీ నచ్చకపోతే యాప్ మార్చాలి. మన మనసెరిగిన యాప్ ఎక్కడో ఒకటి ఉండకపోదు. అది దొరికాక కూడా వీడియో సున్నాలు చుడుతూ కూర్చుంటే అది వీడియో ఖర్మ, మన నెట్‌కు ఏ సంబంధమూ లేదు.

యాప్‌లను తప్పుపట్టాల్సిన పని లేదు. అవి నిజమే చెబుతాయి, కాకపోతే అడిగిన దానికే చెబుతాయి. స్పీడ్ టెస్ట్ మామూలుగా మనకు దగ్గర్లో ఉన్న సర్వర్‌ను చూసుకుని, ఒకేసారి పలు కనెక్షన్లు తెరిచి, కొన్ని సెకన్లపాటు డేటా దించుకుని లెక్క కడుతుంది. ఆ సర్వర్ ఒక్కోసారి మనకు నెట్ ఇచ్చే కంపెనీ నెట్‌వర్క్‌లోనే ఉంటుంది. వీధి చివరిదాకా నడిచొచ్చి, రోడ్డంతా బ్రహ్మాండంగా ఉందని సర్టిఫికెట్ ఇచ్చినట్టన్నమాట. మనం చూసే సినిమా మాత్రం ఇంకెక్కడి నుంచో బయల్దేరుతుంది. నెట్‌ఫ్లిక్స్ 2016లో ఫాస్ట్ డాట్ కామ్ పెట్టి తన సర్వర్ల నుంచే వేగం కొలవడం మొదలుపెట్టాక, ఇళ్లలో రెండు అంకెలు తయారయ్యాయి. పెద్ద అంకె గొప్పలకు, చిన్నది ఫిర్యాదుకు.

ఫిర్యాదుకు బిట్లూ బైట్లూ కూడా బాగా పనికొస్తాయి. ప్లాన్ 100 ఎంబీపీఎస్, ఫైల్ చూస్తే సెకనుకు 12 మెగాబైట్ల దగ్గర నీరసపడుతుంది. ప్లాన్ లెక్క మెగాబిట్లలో, ఫైల్ లెక్క మెగాబైట్లలో. ఎనిమిది బిట్లు ఒక బైట్ కాబట్టి వందను ఎనిమిదితో భాగిస్తే పన్నెండున్నర. అంతా సక్రమమే. అయినా కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి, మిగతా 88 ఎవరు మింగారని నిలదీయడంలో ఉన్న తృప్తి భాగహారంలో ఎక్కడుంది?

ఇక రౌటర్. యాంటెన్నాలు, మిణుకుమిణుకుమనే లైట్లు, వేలాడే వైర్లు గదికి అందం కాదు. కాబట్టి దాన్ని టీవీ వెనక్కో, ఇనప అలమరలోకో నెట్టి తలుపు వేయాలి. ఆ తర్వాత రెండు గోడల అవతల మంచం మీద పడుకుని సిగ్నల్ రావడం లేదని విసుక్కోవాలి. వైఫై తరంగాలను లోహం అడ్డుకుంటుంది, నీళ్లు పీల్చేసుకుంటాయి, చేపల తొట్టి పక్కన రౌటర్ పెట్టకూడదు... ఇవన్నీ రౌటర్ చూసుకోవాల్సిన విషయాలు గానీ మనవి కావు. దాన్ని ఇంటి మధ్యలో, కాస్త ఎత్తులో, బయటికి కనిపించేలా పెడితే చాలావరకు బాగుపడుతుందని తెలిసినవాళ్లు చెబుతారు. పాపం, వాళ్ల ఇళ్లకు చుట్టాలెవరూ రారు కాబోలు.

రౌటర్ సిగ్నల్ పంపే రేడియో తరంగాల శ్రేణుల్ని బ్యాండ్లంటారు. వాటి విషయంలో కూడా మన పద్ధతి మనకుంది. 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ డేటాను వేగంగా మోస్తుంది గానీ గోడ కనిపిస్తే డీలాపడుతుంది. 2.4 గోడలు దాటుతుంది, కానీ అక్కడ జనం ఎక్కువ: పొరుగిళ్ల వైఫైలు, బ్లూటూత్, ఆఖరికి మైక్రోవేవ్ ఓవెన్ కూడా. ఈ బ్యాండ్‌ను ఛానళ్లనే దారులుగా పంచారు, వాటిలో ఒకదానికొకటి తగలనివి చాలాచోట్ల మూడే: 1, 6, 11. ఒకటిలో ఒక పొరుగాయన, ఆరులో ఇంకొకాయన కనిపిస్తే తెలివైనవాడు మూడుకు వెళ్తాడు. ఛానళ్ల సంఖ్యల మధ్య దూరం కంటే ఒక్కో ఛానల్ వెడల్పే ఎక్కువ కాబట్టి, ఇద్దరి గొడవా మనకే తగులుతుంది.

సిగ్నల్ చేరని గదికి రిపీటర్ ఉంది. దాన్ని సిగ్నల్ అస్సలు రాని చోటే పెట్టడం న్యాయం. తనకు వినబడిందే అది తిరిగి చెబుతుంది. ఏమీ వినబడకపోతే ఏమీ చెప్పదు. ఒకే రేడియోతో వినడం, చెప్పడం రెండూ చేసే రకమైతే వేగం దాదాపు సగమవుతుంది. ఆ సగాన్ని కూడా టెస్ట్ చేసి చూసుకోవచ్చు.

అయితే ఒక్క టెస్ట్ మాత్రం పొరపాటున కూడా చేయకూడదు. ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో నేరుగా రౌటర్‌కు తగిలించి కొలవడం. అక్కడ పూర్తి వేగం వచ్చిందంటే తప్పు కంపెనీది కాదు, మన అలమరది. కేబుల్ మరీ నిక్కచ్చి మనిషి. మామూలు క్యాట్ 5ఈ రకమే 100 మీటర్ల వరకు గిగాబిట్, అంటే వెయ్యి ఎంబీపీఎస్ మోస్తుంది. దానిలోని నాలుగు జతల తీగల్లో ఒకటి తెగితే మాత్రం చడీచప్పుడు లేకుండా వందకు దిగిపోవచ్చు. మద్దెల ఓటిదో కాదో తేల్చే పరీక్ష ఇది. ఆడలేనివాళ్లు దీని జోలికి పోకపోవడమే క్షేమం.

సైట్ పేరు చెబితే దాని చిరునామా వెతికిపెట్టే డీఎన్‌ఎస్‌ను మార్చడం నిరపాయకరమైన వైద్యం. క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీ 2018 ఏప్రిల్ 1న తెచ్చిన 1.1.1.1 అనే డీఎన్‌ఎస్ పెట్టుకుంటే ఆ చిరునామా కాస్త ముందే దొరకవచ్చు. దాంతో నెట్ వచ్చే గొట్టం వెడల్పవదు. కానీ మార్చిన రోజంతా వేగంగానే అనిపిస్తుంది.

అసలు చిక్కు సాయంత్రం వస్తుంది. టెస్ట్‌లో వంద చూపిస్తుంది, వీడియో కాల్‌లో మాత్రం మాట ముక్కలు ముక్కలవుతుంది. అదే సమయంలో ఇంట్లో ఎవరి ఫోనో వేల ఫొటోలను బ్యాకప్‌కు ఎక్కిస్తూ ఉంటుంది. వాటి వెనక కాల్ తాలూకు ప్యాకెట్లు, అంటే డేటా ముక్కలు, రౌటర్ క్యూలో నిలబడి నిట్టూరుస్తుంటాయి. జిమ్ గెటీస్ అనే ఇంజినీరు 2010 ప్రాంతంలో తన ఇంటి నెట్‌లోనే ఈ జబ్బును పట్టుకుని, బఫర్‌బ్లోట్, అంటే క్యూ నిలిచే చోటు ఉబ్బిపోవడం, అని పేరు పెట్టారు. 2012లో క్యాథ్లీన్ నికోల్స్, వాన్ జాకబ్సన్ ఆ క్యూను అదుపు చేసే పద్ధతిని కూడా ప్రచురించారు. ఇప్పుడు కొన్ని రౌటర్లలో ఆ తరహా సెట్టింగ్ ఉంది. కానీ దానిలో ఒక ఘోరం దాగి ఉంది: లైన్ అసలు వేగం కంటే కాస్త తక్కువ పరిమితి మనమే పెట్టుకోవాలి. అంటే వందకు డబ్బు కట్టి, మన చేతులతో మనమే తొంభైకి దించుకోవాలి. కాల్ బాగుపడుతుందట, నిజమే. స్పీడ్ టెస్ట్ ముందు తలెత్తుకునేదెలా?

అంతకంటే ప్లాన్‌ను 200కు పెంచుకోవడం గౌరవం. అప్‌లోడ్ పాత దగ్గరే ఉండి కాల్‌లో మన ముఖం ఎప్పటిలాగే బిగుసుకుపోతే, అది నవ్వుతున్నప్పుడు బిగుసుకునేలా చూసుకుంటే చాలు.